కరిగినంత మాత్రమున క్రొత్తది కాదు

గోదావరి డెల్టాలో ప్లాస్టిక్కు పునర్వినియోగము ఎచ్చట, ఎందులకు ఆగిపోవుచున్నది? నర్సరీ కవరు మొదలు రొయ్యల మేత బస్తా వరకు ఒక పరిశీలన.

ధవళేశ్వరము దిగువ గౌతమిగను వసిష్ఠగను చీలి, ఆ పాయల నడుమ కోనసీమను, వాని కిరువైపుల తూర్పు పశ్చిమ డెల్టాలను పోషించుచు గోదావరి సముద్రమును చేరుచున్నది. 1852లో సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తియైన నాటినుండి సుమారు పది లక్షల ఎకరముల మాగాణికి నీరందించుచున్న కాలువలను ఏటేట వేసవిలో కట్టివేయుట, తొలకరికి మరల నీరు వదలుట డెల్టా రైతునకు తరతరములుగా పరిచితమైన క్రమము. నీరు కట్టిన ఆ దినములలో కాలువ అడుగు బయటపడును. తణుకు, భీమవరము, అమలాపురము, రామచంద్రపురము వంటి పట్టణములను తాకి వచ్చిన కాలువ యేదైనను, దాని యడుగున నేడు కనబడునది ఒండ్రుమట్టి మాత్రమే కాదు. పాల కవర్లు, షాంపూ ప్యాకెట్లు, మంచినీళ్ళ సీసాలు, టీ కప్పులు, పూజచేసిన పూలతో ముడివేసి విసరిన సంచులు ఆ యొండ్రులో పొరలు పొరలుగా కూరుకొని యుండును.

ఈ చెత్త వలని హాని చూపునకు మాత్రమే పరిమితము కాదు. గుర్రపుడెక్కతో పెనవేసికొని లాకుల యొద్దను తూముల యొద్దను అది అడ్డుపడినప్పుడు మొదట నష్టపోవువాడు శివారు రైతు. ఎగువ భూములకు నిండుగా పారిన నీరే యతని చేనికి వచ్చుసరికి సన్నగిల్లును. లస్కరులును కూలీలును కష్టపడి తీసి గట్టున వేసిన చెత్త, దానిని తరలించువారు లేనిచో, గాలికిని వానకును మరల కాలువలోనికే జారును. ఆ కాలువ నీరే డెల్టా గ్రామముల మంచినీటి చెరువులను నింపునది. పొలమునకును, పశువునకును, మనుష్యునకును ఒకే నీరు దిక్కైన సీమలో, ఆ నీటిలో పడిన ప్రతి వస్తువును గూర్చి ఆలోచింపక తప్పదు.

దీనికి నివారణ మేమని యడిగినచో చదువుకొన్నవారు తడుముకొనక చెప్పు సమాధానము రీసైక్లింగు. వాడిన ప్లాస్టిక్కును కరిగించి మరల వస్తువులు చేయవచ్చునను నమ్మకము మన మనస్సులకు గొప్ప నెమ్మది నిచ్చినది. ఆ నమ్మకములో సత్యము లేకపోలేదు. కాని ఆ సత్యమునకు గల హద్దులెరుగక దానిపై మనము పెట్టిన భారము మిక్కిలి యెక్కువ. 2017లో గేయర్, జాంబెక్, లా అను పరిశోధకులు ప్రకటించిన గణన ప్రకారము, 2015 వరకు ప్రపంచము తయారుచేసిన ప్లాస్టిక్కు 830 కోట్ల టన్నులు. అందులో అప్పటికే వ్యర్థముగా మారినది 630 కోట్ల టన్నులు. ఆ వ్యర్థములో తిరిగి వాడుకకు వచ్చినది 9 శాతము, కాల్చబడినది 12 శాతము. తక్కిన 79 శాతము చెత్తగుంటలలోనో, నేలపైనో, నీటిలోనో మిగిలిపోయినది. ఇట్లగుటకు మనుష్యుల సోమరితన మొక్కటే కారణము కాదు. పదార్థ స్వభావము, తూకము, ధర, ఏరుకొని బ్రదుకువారి శ్రమ ఇవన్నియు అందు ముడివడి యున్నవి. ఆ ముడిని మన డెల్టాలోనే, మనకు నిత్యపరిచితమైన వస్తువులలోనే విప్పిచూచుట యీ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఒక పేరు, అనేక పదార్థములు

మనము ప్లాస్టిక్కు అని ఒక్క పేరుతో పిలుచునది ఒక పదార్థము కాదు. మంచినీళ్ళ సీసా పెట్. దాని మూత పాలిథీన్ లేక పాలిప్రొపిలీన్. పాల కవరు, కూరల కవరు పలుచని పాలిథీన్. నీటి గొట్టము పీవీసీ. చేపలకు ఐసు వేసి పంపు తెల్లని పెట్టె థర్మోకోల్, అనగా పాలిస్టైరీన్. సీసాల యడుగున బాణముల త్రిభుజములో 1 నుండి 7 వరకు కనబడు అంకెలను 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమల సంఘము ఏర్పరచినది. అవి యే జాతి ప్లాస్టిక్కో తెలుపుటకే గాని, ఆ వస్తువు మరల వాడుకలోనికి వచ్చునని హామీ యిచ్చుటకు కాదు. ఒక్కొక్క జాతి ఒక్కొక్క వేడికి కరగును. పాలిథీన్ 110 నుండి 135 డిగ్రీల నడుమను, పాలిప్రొపిలీన్ 160 డిగ్రీలు దాటిన పిమ్మటను, పెట్ సుమారు 250 డిగ్రీల యొద్దను కరగును. పెట్ కరగునంతటి వేడికి పీవీసీ ముందే విచ్ఛిన్నమై, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని వెడలించి, చుట్టునున్న సరకును పాడుచేసి, యంత్రములను తినివేయును. కావున జాతుల వారీగా వేరు చేయబడని ప్లాస్టిక్కునుండి మేలైన వస్తువు పుట్టదు.

కర్మాగారములలో ఈ వేర్పాటునకు ఒక సులభోపాయము గలదు. సీసాలను ముక్కలుచేసి నీటి తొట్టిలో వేసినచో, నీటికన్న తేలికయైన పాలిథీన్, పాలిప్రొపిలీన్ ముక్కలు పైకి తేలును, పెట్ మునిగిపోవును, ఆ విధముగా మూతలు సీసాలనుండి విడివడును. కాని పీవీసీయు పెట్ వలెనే మునుగును గనుక ఆ రెంటిని నీరు వేరుచేయజాలదు. అంతకన్న కఠినమైనది పొరల ప్యాకెట్ల సంగతి. చిప్సు ప్యాకెట్టును షాంపూ ప్యాకెట్టును కంటికి ఒకే పలుచని రేకువలె కనబడినను, అందు గాలిని తేమను ఆపు పొర యొకటి, అచ్చు నిలుచు పొర యొకటి, వేడికి అతుకుకొను పొర యొకటి, అనేకములందు అల్యూమినియపు పూత యొకటి విడదీయరానట్లు అంటింపబడి యుండును. బియ్యమును మినుములును కలిసినచో చేటలో పోసి ఏరవచ్చును గాని, ఆ రెంటిని కలిపి విసరిన పిండిని వేరుచేయగలవారు లేరు. ఈ ప్యాకెట్టును అట్టిదే. దానిని వేరుచేయు విద్య ప్రయోగశాలలలో లేకపోలేదు; ఒక రూపాయి ప్యాకెట్టునకు అంతటి వ్యయము చేయువారు లేరు.

అన్నిటిని మించిన చిక్కు మరియొకటి గలదు. కరిగించిన ప్రతిసారియు ప్లాస్టిక్కు అణువుల పొడవైన గొలుసులు కొంత తెగి పొట్టివగును, బలము తగ్గును. ఇనుమును గాజును ఎన్నిమారులు కరిగించినను వాని గుణము చెడదు; ప్లాస్టిక్కునకు ఆ సామర్థ్యము లేదు. అందుచేతనే సీసా మరల సీసా యగుటకన్న చొక్కా దారముగానో, దిండులోని పీచుగానో మారుట లోకములో ఎక్కువ. ఆ చొక్కా చిరిగిన పిమ్మట దానికి మరియొక జన్మ దాదాపు లేదు. రంగురంగుల కవర్లను కలిపి కరిగించినచో వచ్చునది మసక రంగు గావున దానికి నల్లరంగు చేర్తురు. ఆ నల్లని సరకు డెల్టాలో ఎచ్చటికి చేరుచున్నదో చూతము.

కడియపులంక నల్ల కవరు

రాజమహేంద్రవరమునకు అనతిదూరమున, కడియము, కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి గ్రామములలో నర్సరీలు వేల ఎకరములకు వ్యాపించి, దేశమందలి అనేక రాష్ట్రములకు లారీల కొలది మొక్కలను పంపుచున్నవి. అచ్చటి రైతుల నేర్పును, మొక్కను అంటుకట్టు చేతుల ఒడుపును పొగడనివారు లేరు. ఆ మొక్కలలో అధికభాగము నిలిచియుండునది నల్లని పాలిథీన్ కవరులో. అది చవుక, తేలిక, కుండవలె పగులదు, వేరునొద్ద తేమను నిలుపును, అందలి మసి ఎండవేడిమికి ప్లాస్టిక్కు త్వరగా పెళుసుబారకుండ కాపాడును. ఆ నల్ల కవర్లలో అనేకములు పునర్వినియోగ పాలిథీన్‌తో చేయబడినవే. అనగా కూరల కవరుగా పుట్టి, చెత్తలో పడి, ఏరబడి, కరిగి, నల్లబడి, తుదకు మొక్క వేరును మోయుటకు వచ్చినది ఆ ప్లాస్టిక్కు. రీసైక్లింగు నిజముగా జరుగుచున్నదనుటకు మన కనులయెదుట గల నిదర్శన మది.

కాని ఆ నిదర్శనమే దాని హద్దునుకూడ చూపుచున్నది. మొక్కను గోతిలో పెట్టు క్షణమున కవరును చీల్చి పారవేయుదురు. అప్పుడు దానికి మట్టియు, వేరు తునకలును, ఎరువును అంటియుండును. తూచినచో ప్లాస్టిక్కుకన్న మట్టియే యెక్కువ తూగును. కడిగినగాని అది కరిగించుటకు పనికిరాదు. కడుగుటకు నీరును కూలియు కావలెను. కడిగిన బురదనీటిని వదలుటకు చోటు కావలెను. పెద్ద నగరములలో చెత్తను వేరుచేయు యంత్రములు పరారుణ కాంతితో ప్లాస్టిక్కు జాతిని గుర్తించును. మసి కలిపిన నల్ల ప్లాస్టిక్కు ఆ కాంతిని పీల్చివేయును గనుక యంత్రమునకు అది కనబడనే కనబడదు. పైగా మొక్కతోపాటు కవరుకూడ వందల మైళ్ళు ప్రయాణము చేసి, ఏ యెడారి పట్టణపు తోటలోనో చీల్చబడును. అమ్మినవానికి అది మరల చేతికి రాదు. ఈ విధముగా ఒకసారి రక్షింపబడిన ప్లాస్టిక్కు రెండవసారి రక్షింపబడుట లేదు. పునర్వినియోగము చెత్తను తొలగించినది కాదు. చెత్త యగు దినమును కొంతకాలము వాయిదా వేసినది. ఆ వాయిదాయు విలువైనదే. దానినే మోక్షమని భావించుట మాత్రము పొరపాటు.

రొయ్యల చెరువు గట్టున

పశ్చిమగోదావరిలో భీమవరము, ఆకివీడు, నరసాపురము పరిసరములలో వరిచేలు చేపల చెరువులుగను రొయ్యల చెరువులుగను మారిన పిమ్మట, డెల్టాలోనికి క్రొత్త ప్లాస్టిక్కు ప్రవాహ మొకటి వచ్చినది. హేచరీనుండి రొయ్యపిల్లలు వచ్చునది ప్రాణవాయువు నింపిన పాలిథీన్ సంచులలో. మేత వచ్చునది పాలిప్రొపిలీన్ దారముతో నేసిన బస్తాలలో. మందులు వచ్చునవి డబ్బాలలో, పొరల ప్యాకెట్లలో. పట్టుబడి యైన పిమ్మట సరకు పోవునది క్రేట్లలో, థర్మోకోల్ పెట్టెలలో.

వీనిలో మేత బస్తా కథ కొంత ఆశాజనకము. ఖాళీ బస్తాకు రైతునొద్దనే వెల గలదు. ధాన్యము నింపుటకు, వరదలో ఇసుకబస్తాగా గట్టున పేర్చుటకు, పట్టాగా కుట్టుకొనుటకు అది పలుమారులు పనికివచ్చును. కరిగింపకయే, ఉన్నరూపుననే మరల వాడుకొనుట పునర్వినియోగములన్నిటిలో ఉత్తమమైనది. అందు ఇంధనము ఖర్చు లేదు, పదార్థపు బలము తగ్గదు. కాని ఎండలో పడియున్న బస్తా కొలదికాలములోనే పెళుసై, చేయి తగిలినంతనే పీచులు పీచులుగా రాలును. ఆ పీచు చెరువు నీటిలోనికి, చెరువునుండి మురుగు కాలువలోనికి, అచ్చటనుండి ఉప్పుటేరులోనికి పోవును.

థర్మోకోల్ పెట్టె సంగతి దీనికి పూర్తిగా విరుద్ధము. దానిలో 98 పాళ్ళు గాలియే. లారీనిండ నింపినను తూకమునకు స్వల్పముగనే తూగును గావున, దూరముననున్న కర్మాగారమునకు పంపినచో కిరాయి డబ్బుకూడ రాదు. దానిని నొక్కి ముద్దచేయు యంత్రము దగ్గరలో నున్నప్పుడే దానికి గిరాకి. అట్టి యంత్రము లేని ఊర దాని గతి చెరువు గట్టు, లేదా చలిమంట.

తూకము చెప్పు నిజము

ప్లాస్టిక్కు భవితవ్యమును నిర్ణయించునది శాస్త్రము మాత్రమే కాదు, పాత సామాన్ల కొట్టులోని త్రాసు. మైకు పెట్టుకొని వీధులవెంట తిరుగు పాత సామాన్ల బండివాడు విరిగిన బకెట్టును, కుర్చీని, నూనె డబ్బాను సంతోషముతో కొనును. కొన్ని ఊళ్ళలో వానికి బదులు ఉల్లిపాయలు తూచి యిచ్చుటయు గలదు. అతడు కవర్లను, చాక్లెట్టు కాగితములను ముట్టడు. ఒక లీటరు నీళ్ళ సీసా ఇరువది, ఇరువదియైదు గ్రాములు తూగును; నలువది, యేబది సీసాలు ఏరినచో ఒక కిలో యగును. పలుచని కవర్లైనచో వందల కొలది ఏరి, దులిపి, ఆరబెట్టినగాని కిలో కాదు. వంగిన నడుము నెత్తకుండ పొద్దంతయు ఏరువానికి ఏది గిట్టుబాటగునో చెప్పుటకు పండితులు అక్కరలేదు. అందుచేతనే మన చెత్తకుప్పలలో సీసాలు కరువు, కవర్లు మెండు.

ఏరినవానినుండి చిన్న కొట్టునకు, చిన్న కొట్టునుండి జాతుల వారీగా వేరుచేయు పెద్ద గోదామునకు, అచ్చట మోపులుగా నొక్కబడి దూరపు నగరములలోని గుళికల కర్మాగారములకు సరకు సాగిపోవును. ప్రతి మెట్టునందును కూలి, కిరాయి, తరుగు గలవు. తుట్టతుదకు వచ్చిన గుళిక, ముడిచమురునుండి పుట్టిన క్రొత్త గుళికతో అంగటిలో పోటీపడవలెను. చమురు ధర పడిపోయినప్పుడు క్రొత్త ప్లాస్టిక్కు చవుకయగును. ఆ దెబ్బ గుళికల కర్మాగారమునుండి గోదామునకు, గోదామునుండి కొట్టునకు దిగి, తుదకు ఏరుకొనువాని చేతికి వచ్చు డబ్బును కోసివేయును. కృష్ణా-గోదావరి బేసిన్ యనుపేర మన డెల్టా నేల క్రిందనే చమురును సహజవాయువును వెలికితీయుచున్నారు. ప్లాస్టిక్కునకు మూలద్రవ్యములు అవియే. నేల క్రిందనుండి క్రొత్తది తీయుట సులభముగను, నేలమీదనున్నదానిని ఏరుట కష్టముగను ఉన్నంతవరకు పునర్వినియోగము ఎదురీత యీదుచునే యుండును.

ఈ యెదురీతలో ముందు నిలిచినవారు చిత్తు ఏరుకొను పేదలు. తెల్లవారకమునుపే సంచి భుజమున వేసికొని బయలుదేరు ఆ స్త్రీలకు చేతొడుగులు లేవు. గాజుపెంకులు కోయును, కుక్కలు తరుమును, వీధివారు దొంగలని అనుమానింతురు. మన పట్టణములు ఈపాటి శుభ్రముగా నుండుట వారి కష్టఫలము. 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు స్థానిక సంస్థలు వారిని గుర్తించి తమ వ్యవస్థలో చేర్చుకొనవలెనని స్పష్టముగా చెప్పినవి. ఆ గుర్తింపు కాగితమునుండి వారి చేతికి చేరవలసి యున్నది.

మైక్రానుల చరిత్ర

మన దేశమున ప్లాస్టిక్కు సంచులపై శాసనముల చరిత్ర మందము యొక్క చరిత్ర. 1999లో 20 మైక్రానులకన్న పలుచని సంచి కూడదన్నారు, 2011లో ఆ హద్దు 40 అయినది, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుండి 75, 2022 డిసెంబరు 31 నుండి 120. సంచిని మందముచేసినంత మాత్రమున ప్లాస్టిక్కు తగ్గునా యను సందేహము సహజము. దీనిలోని యుక్తి త్రాసునొద్దనే గలదు. మందపు సంచి తూకమునకు వచ్చును, ఏరువానికి గిట్టును. ఖరీదు పెరుగును గావున అంగడివాడు ఊరక పంచడు. యుక్తి మంచిదే, కాని సంతలో కూరలు కొనుచు మైక్రానులను కొలుచువారెవరు? పలుచని కవరు ఇప్పటికిని చేతులు మారుచునే యున్నది.

ఈ హద్దులు పెరుగుటవెనుక మూగజీవముల వేదనయు గలదు. పుట్టపర్తి ప్రాంతమునందలి కరుణా సొసైటీ అను జంతుసంరక్షణ సంస్థ, వీధి పశువుల కడుపులనుండి శస్త్రచికిత్సచే ప్లాస్టిక్కును వెలికితీసి, ఆ సాక్ష్యముతో 2012లో సుప్రీంకోర్టు నాశ్రయించినది. ఆహారపు వాసన గల కవరును పశువు కవరుతోసహ మ్రింగును. అది జీర్ణముగాక, వెలికిరాక పొట్టలో ముద్దకట్టును. తెలుగునేలనుండి వెళ్ళిన ఆ ఫిర్యాదు దేశమంతటికిని చెందిన ఫిర్యాదు.

2022 జూలై 1 నుండి ప్లాస్టిక్కు ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్, మిఠాయి పెట్టెలపై చుట్టు పలుచని పొర మున్నగునవి దేశమంతటను నిషేధింపబడినవి. పొరల ప్యాకెట్టును, నీళ్ళ సీసాయు ఆ పట్టికలో లేవు. వానికై వేరొక మార్గము చూపినారు: ప్యాకెట్టును తయారుచేసిన కంపెనీయే దాని సేకరణకు బాధ్యత వహింపవలెను; 2025-26 నుండి గట్టి ప్లాస్టిక్కు ప్యాకింగులలో 30 శాతము, పలుచనివానిలో 10 శాతము, పొరలవానిలో 5 శాతము పునర్వినియోగ ప్లాస్టిక్కు ఉండవలెను. చెత్త చేసినవాడే చెత్త నెత్తవలెనను ధర్మము ఇందు గలదు. కాని సేకరణకు సాక్ష్యముగా చూపు ధ్రువపత్రములలో నకిలీలు కూడ చేరినట్లు 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలలో బయటపడినది. సరకు నెత్తక కాగితమును అమ్ముకొను దారి మూయబడనిదే ఆ ధర్మము ఫలింపదు.

రాష్ట్రమునందును ప్రయత్నములు జరుగకపోలేదు. 2021 అక్టోబరు 2న ఆరంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమమున పట్టణములలో ఇంటింటికి మూడు రంగుల బుట్టలు పంచినారు. 2025 జనవరి నుండి ప్రతినెల మూడవ శనివారమును స్వచ్ఛతకై కేటాయించినారు. గ్రామములలో చెత్తనుండి సంపద తయారుచేయు కేంద్రములను కట్టినారు. షెడ్డు కట్టుట ఒక వేసవి పని. దానిలో ప్రతిదినము తడిచెత్త, పొడిచెత్త వేరుగా వచ్చి చేరునట్లు చూచుట నిత్యకృత్యము. ఇంటిలో మూడు బుట్టలలో వేరుచేసిన చెత్తను బండిలో ఒకే కుప్పగా పోయుట గృహిణి ఒక్కసారి చూచినదా, మరునాటినుండి ఆమె వేరుచేయుట మానును. పాడైన ఆ విశ్వాసమును ఎన్ని ఉత్తరువులైనను తిరిగి తేజాలవు.

కరగని దానికి చివరి దారులు

కరిగించి వస్తువు చేయుటకు పనికిరాని ప్లాస్టిక్కునకు కొన్ని చివరి దారులు గలవు. మధురై త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యులు ఆర్. వాసుదేవన్ కనుగొన్న పద్ధతి ననుసరించి, వేడిచేసిన కంకరపై కవర్ల తునకలను చల్లి, కరిగి పూతవలె పట్టిన పిమ్మట తారు కలిపి రోడ్డు వేయుదురు. ఆయనకు 2018లో పద్మశ్రీ లభించినది. సిమెంటు బట్టీలలో బొగ్గునకు బదులుగా పొరల ప్యాకెట్లను కాల్చుట మరియొక దారి. గాలి తగులనీయక వేడిచేసి నూనెగా మార్చుట ఇంకొక దారి. ఇవి చెత్తకుప్పకన్న మేలు. ఐనను రోడ్డులోనికి పోయిన కవరు తిరిగి కవరు కాదు. బట్టీలో కాలిన ప్యాకెట్టు స్థానమున మరునాడు క్రొత్త ప్యాకెట్టు పుట్టును. గట్టున, పెరటిలో మనము పెట్టు చెత్తమంట మాత్రము ఈ దారులలో చేరదు. అందు పీవీసీ యున్నచో డయాక్సిన్ల వంటి విషపదార్థములు పొగతోపాటు పసిపిల్లల ఊపిరిలోనికి చేరును.

మట్టిలో కలియు సంచులు వచ్చినవని కొందరు సంతోషించుచున్నారు. తిరుమలలో లడ్డూ ప్రసాదమునకై 2021లో రక్షణ పరిశోధన సంస్థయైన డీఆర్‌డీఓ రూపొందించిన మొక్కజొన్న పిండి సంచులను ప్రవేశపెట్టిరి. ఒక యాజమాన్యము క్రింద నడచు క్షేత్రములో అది చక్కని ప్రయత్నము. కాని అట్టి సంచి సామాన్యపు కవర్లతో కలిసిపోయినచో కరిగింపు సరకును పాడుచేయును. తగిన వేడియు తేమయు లేని కాలువ నీటిలో దాని చివుకుట ఎంతకాలమో పట్టవచ్చును. దానికిని వేరొక బుట్ట అవసరమే.

ఏరు ముగియు చోట

డెల్టావాసి తన చెత్తకు మాత్రమే కాక, నాసికునొద్ద త్ర్యంబకేశ్వరమున పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చు నది మోసికొనివచ్చినదానికిని వారసుడు. కోరింగ మడ అడవులలో నీటినుండి పైకి పొడుచుకొనివచ్చిన వేళ్ళు, సముద్రపు పోటును ఆపినట్లే, ఆటుపోటులతో వచ్చిన సంచులను వలలను పట్టి నిలుపును. ఊపిరివేరునకు కవరు చుట్టుకొన్నచో మొక్క శ్వాసకు అడ్డు కలుగును. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఆ యడవి, చేపపిల్లలకు పుట్టినిల్లు. ఆ సమీప తీరములలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. ఎండకు అలకు నలిగిన ప్లాస్టిక్కు కనబడనంత చిన్న తునకలై నీటిలో వ్యాపించుచున్నదని రిచర్డ్ థాంప్సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 2004లో చూపిన నాటినుండి, చేపలోను, ఉప్పులోను, మనుష్యుని రక్తములోను ఆ తునకలను కనుగొనుచునే యున్నారు. అంత చిన్నవైన పిమ్మట వానిని ఏరు చేతులు లేవు. కరిగించు కర్మాగారము లేదు.

సముద్రములలోనికి నదులు చేర్చు ప్లాస్టిక్కులో 80 శాతము వెయ్యికి పైగా నదులనుండి వచ్చుచున్నదని 2021లో ప్రకటించిన ఒక పరిశోధన తెలిపినది. నేరము ఏ నాలుగైదు మహానదులదో కాదు, ఊరూర పారు చిన్న ఏళ్ళది కూడ నని దాని తాత్పర్యము. ప్లాస్టిక్కుపై ప్రపంచ ఒడంబడిక చేసికొనవలెనని 2022 మార్చిలో నైరోబీలో దేశములన్నియు తీర్మానించినవి. 2025 ఆగస్టులో జెనీవా సమావేశము ఒప్పందము కుదరకయే ముగిసినది. ఉత్పత్తిని తగ్గింపవలెనా, చెత్తను మాత్రమే సవరింపవలెనా యనునదియే వారి నడుమ ప్రధాన వివాదము. కడియపులంక కవరు, భీమవరపు థర్మోకోల్ పెట్టె, కాలువ అడుగున దొరకు షాంపూ ప్యాకెట్టు మనకు చెప్పు సమాధానము స్పష్టము: మరల వాడుకొనలేని వస్తువును తయారుచేయకుండుటయే మొదటి పని, కరిగించుట రెండవది.

మన వంతు

మనకు ఆదర్శములు దూరమున లేవు. అన్నవరము కొండపై సత్యనారాయణస్వామి ప్రసాదమును నేటికిని ఆకు పొట్లములో కట్టి యిచ్చుచున్నారు. రంపచోడవరము మన్యమున గిరిజనులు అడ్డాకు విస్తళ్ళు కుట్టుచున్నారు. రావులపాలెపు అరటి, డెల్టా చెరువుల తామరాకు మన భోజనమునకు చాలినంత గలవు. రైలెక్కునప్పుడు మరచెంబుతో నీళ్ళు తీసికొనిపోయిన తరము ఇంకను మన యిండ్లలో నున్నది. కోనసీమ కొబ్బరిపీచునుండి వచ్చు పొట్టు నర్సరీలకు పోవుచున్నది. ఆ పీచుతోనే మొక్కల తొట్లు చేయు విద్య కూడ గలదు. అది నల్ల కవరుకన్న ఖరీదు గనుక, ప్రభుత్వపు మొక్కల కొనుగోళ్ళలో పీచు తొట్లకు ముందు చోటిచ్చి గిరాకి కల్పించినచో, ధర దానంతట దిగివచ్చును. కడియపు నర్సరీలు, అంబాజీపేట కొబ్బరి వ్యాపారము రెండును బాగుపడును.

రొయ్యల మేత కంపెనీలు బస్తానిచ్చిన దారినే బస్తాను తిరిగి తీసికొనవలెను. బస్తాకు కొంత ధరావతు పెట్టినచో ఒక్కటియు గట్టున మిగులదు. చేపల ఎగుమతి కేంద్రములొద్ద థర్మోకోల్ నొక్కు యంత్రమును సంఘముగా పెట్టుకొనవలెను. కాలువలు కట్టు ప్రతి వేసవిలోను పూడికతోపాటు ప్లాస్టిక్కును వేరుగా ఎత్తి, గట్టున వదలక, గోదామునకు చేర్చు ఖర్చును కాలువ మరమ్మతుల అంచనాలోనే చేర్చవలెను. చిత్తు ఏరుకొనువారికి గుర్తింపు పత్రము, చేతొడుగులు, నిలకడయైన ధర యివ్వవలెను. ఏ కర్మాగారమును వారికన్న ముందు కట్టనక్కరలేదు. గృహస్థు చేయవలసినది అతి స్వల్పము: తడిచెత్తను పొడిచెత్తను వేరుగా ఉంచుట, పాల కవరును కడిగి ఆరబెట్టుట, సంతకు గుడ్డసంచితో పోవుట. వంటింటిలో నూనె, పెరుగు అంటని కవరు గోదాములో సరకగును; అంటినది చెత్తయగును. కరిగింపు విధిని నిర్ణయించునది కర్మాగారముకన్న ముందు వంటింటి గట్టు.

2027లో గోదావరికి మరల పుష్కరములు రానున్నవి. కోట్లమంది యాత్రికులు రాజమహేంద్రవరపు రేవులలోను, లంకల యొడ్డునను, అంతర్వేదిలోను మునుగుదురు. రేవునొద్ద త్రాగునీటి కుళాయిలు చాలినన్ని యున్నచో నీళ్ళ సీసా అక్కరలేదు. పూజాద్రవ్యములు ఆకులో అమ్మించినచో కవరు అక్కరలేదు. అన్నసత్రములు విస్తళ్ళలో వడ్డించినచో ప్లేట్లు అక్కరలేదు. ఇవి మూడును అసాధ్యములు కావు. ఇప్పుడే నిర్ణయించి, ఇప్పుడే టెండర్లలో వ్రాసికొన్నచో చేయదగినవి. జిల్లా అధికారులును, నగరపాలక సంస్థయును, దేవాదాయ శాఖయును, అన్నిటికన్న మించి మనమును, నదిలో వేసి తరువాత ఏరుకొందమను ఆలోచనను విడిచి, నదిలో వేయదగనిదానిని ఇంటనుండి తేకుండుటకు పూనుకొందుముగాక. ఈ డెల్టాను పోషించుచున్న నదికి మనము చెల్లింపవలసిన బాకీలో ఇది మొదటి వాయిదా.